ఇల్లు మారినా పేరు మారదు

పిల్లలూ!

పోయిన నెల ఈ పుటలో పిన్‌కోడు సంగతి చెప్పుకున్నాం గదా! 1972 ఆగస్టు 15న మన దేశంలో మొదలైన ఆ ఆరంకెల సంఖ్య ఉత్తరాన్ని దారి తప్పకుండా ఎలా చేరుస్తుందో తెలుసుకున్నాం. ఈ నెల ఇంకో రకం ఉత్తరాల సంగతి చెబుతాను. వీటికి కవరు లేదు, తపాలాబిళ్ళ లేదు, సైకిలు మీద వచ్చే పోస్టుమాను లేడు. ఐనా వీటికీ చిరునామా ఉంది. ఇల్లు మారితే ఇవి కూడా దారి తప్పుతాయి. అలా తప్పిన ఒక ఉత్తరాన్ని మా ఇంటి పిల్ల ఎలా పట్టుకున్నదో వినండి.

మా తమ్ముడికి అనకాపల్లిలో బొమ్మల దుకాణం ఉంది. అక్కడ ఏటికొప్పాక బొమ్మలు అమ్ముతాడు. వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పనివాళ్ళు అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కి, అది తిరుగుతూ ఉండగానే లక్క అద్ది రంగు పట్టిస్తారు. ఆ నునుపు చూడవలసిందే! దుకాణానికి ఒక వెబ్‌సైటు ఉంది. దుకాణం పేరు మీదే ఒక ఈమెయిలు కూడా ఉంది. విశాఖపట్నం వాళ్ళూ, హైదరాబాదు వాళ్ళూ, సంక్రాంతి బొమ్మల కొలువు కోసం అమెరికాలో ఉన్న మనవాళ్ళూ ఆ దారినే బొమ్మలు తెప్పించుకుంటారు.

మొన్న డిసెంబరులో ఆ వెబ్‌సైటు మాటిమాటికీ ఆగిపోవటం మొదలుపెట్టింది. "ఏమండీ, బొమ్మలు చూద్దామంటే గుండ్రటి చక్రం తిరుగుతున్నది గాని ఒక్క బొమ్మా కనపడదేం?" అని ఒకావిడ ఫోను చేసి అడిగింది. మా తమ్ముడు విసిగిపోయి, "ఈ నెలాఖరు కాగానే వేరే కంపెనీకి మార్చేస్తాను," అన్నాడు. ఆ కంపెనీ ఏదో మనకు అనవసరం.

ఎక్కడి నుంచి ఎక్కడికి మారుస్తాడు? వెబ్‌సైటు అనేది గాలిలో ఉండదు. దానిలో మీరు చూసే ప్రతి బొమ్మా, ప్రతి మాటా ఎక్కడో ఒక కంప్యూటరులో దాచి ఉంటుంది. రాత్రింబగళ్ళు ఆగకుండా పనిచేస్తూ, అడిగినవారికి అడిగినది అందిస్తుంది గనక దాన్ని సర్వరు అంటారు. చిన్న దుకాణదారు సొంతంగా సర్వరు కొనుక్కుని, ఇరవైనాలుగు గంటలూ కరెంటు ఇచ్చి కాపాడుకోలేడు. అందుకని ఏదో ఒక కంపెనీ సర్వరులో కొంత జాగా అద్దెకు తీసుకుంటాడు. హోస్టింగు అంటే ఈ అద్దె ఇల్లే.

ఇక్కడ మూడు వస్తువులున్నాయి. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకోండి. ఒకటి పేరు. ఇంగ్లీషులో దాన్ని డొమైను అంటారు. పేర్లు నమోదు చేసే కంపెనీకి ఏడాదికింత అని కడుతూ ఉన్నంతకాలం అది మనది. రెండు ఇల్లు, అంటే వెబ్‌సైటు ఉండే సర్వరు. మూడు ఉత్తరాల పెట్టె, అంటే ఈమెయిలు వచ్చి పడే సర్వరు. ఈ మూడూ ఒకే కంపెనీ దగ్గర ఉండవచ్చు, మూడు చోట్ల మూడూ ఉండవచ్చు. చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇవన్నీ ఒకటే అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

"పెదనాన్నా, మరి మన దుకాణం పేరు కొట్టగానే ఆ సర్వరు ఎక్కడున్నదో ఫోనుకు ఎలా తెలుస్తుంది?" అని మా తమ్ముడి కూతురు అడిగింది. ఎనిమిదో తరగతి చదువుతున్నది. అడగవలసిన ప్రశ్నే!

కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేర్లతో గుర్తుపట్టవు, నెంబర్లతో గుర్తుపడతాయి. 203.0.113.25 అన్నది అటువంటి నెంబరే. (ఇది ఎవరి ఇంటి నెంబరూ కాదు, పుస్తకాలలో ఉదాహరణకు రాసుకోవటానికని విడిగా అట్టేపెట్టారు.) నాలుగు భాగాలు, ఒక్కొక్క భాగం 0 నుంచి 255 దాకా. లెక్క వేసి చూడండి: 256ను నాలుగుసార్లు వేసి గుణిస్తే సుమారు 429 కోట్లు వస్తుంది. ఇవి చాలకపోయేసరికి ఇంకా పొడుగు నెంబర్లు కూడా వాడుకలోకి తెచ్చారు. మనుషులు ఇన్ని అంకెలు గుర్తుంచుకోలేరు గనక, ఏ పేరుకు ఏ నెంబరో చెప్పే చిట్టా ఒకటి కావాలి.

ఈ చిట్టాకు మంచి కథ ఉంది. 1970ల్లో అమెరికాలో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల ఉండేది. అందులో ఉన్న యంత్రాల పేర్లూ, నెంబర్లూ అన్నీ ఒకే చిట్టాలో రాసి ఉంచేవారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడా, ఆమెతో పనిచేసేవాళ్ళూ దాన్ని చూసుకునేవారు. కొత్త యంత్రం పెట్టినవారు వాళ్ళకు కబురు చేయాలి. వాళ్ళు చిట్టాలో ఎక్కించాలి. తక్కిన వాళ్ళంతా ఆ చిట్టాకు నకలు తెచ్చుకోవాలి. యంత్రాలు వందల్లో ఉన్నంతసేపు ఈ పని సాగింది. అవి పెరిగేకొద్దీ రాసేవాళ్ళకూ ఊపిరాడలేదు, నకళ్ళు తెచ్చుకునేవాళ్ళకూ ఊపిరాడలేదు.

1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. లోకమంతటికీ ఒకే చిట్టా ఎందుకు? ఎవరి పుట వారే రాసుకుంటే పోలేదా? ఎవరి పుట ఎక్కడున్నదో చెప్పేవాళ్ళుంటే చాలు! ఆయన పద్ధతికే డి.ఎన్.ఎస్. అని పేరు. పరాయి ఊళ్ళో చుట్టాలిల్లు వెతికినట్టే ఇదీను. ముందు బస్టాండులో ఫలానా పేట ఎటు అని అడుగుతారు. పేటలోకి వెళ్ళి వీధి అడుగుతారు. వీధిలోకి వెళ్ళి ఇల్లు అడుగుతారు. డి.ఎన్.ఎస్.లో బస్టాండు వంటివాటిని రూటు సర్వర్లంటారు. వాటికి 13 పేర్లున్నాయి గాని, యంత్రాలు ప్రపంచంలో వెయ్యికి పైగా చోట్ల ఉన్నాయి. అవి "డాట్ ఇన్ వారిని అడగండి" అనో, "డాట్ కామ్ వారిని అడగండి" అనో చెబుతాయి. వాళ్ళు దుకాణం పుట ఎక్కడున్నదో చెబుతారు. ఆ పుటలో నెంబరు రాసి ఉంటుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది!

ఆ పుటలో ఒక నెంబరే కాదు, చాలా పంక్తులుంటాయి. "వెబ్‌సైటు కావలసినవారు ఈ నెంబరుకు వెళ్ళండి" అని ఒక పంక్తి. "ఉత్తరాలు తెచ్చినవారు ఫలానా సర్వరుకు ఇవ్వండి" అని వేరొక పంక్తి, దీన్ని ఎం.ఎక్స్. అంటారు. "ఈ పేరు మీద ఉత్తరాలు పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది" అని మరొకటి. దీన్ని ఎస్.పి.ఎఫ్. అంటారు. ఈ మూడో పంక్తిని మరిచిపోకండి. తరువాత దీనితో పని పడుతుంది.

ఇల్లు మారటమంటే, కొత్త ఇంట్లో సామాను సర్దుకుని ఈ పంక్తులు మార్చి రాయటమే. పేరు మారదు. అట్టలమీద అచ్చువేసిన చిరునామా మారదు. కొనేవాళ్ళకు తెలియనే తెలియదు.

మా తమ్ముడు ఆ పుట తెరవబోతే మొదటనే అడ్డం పడింది. పేరు నమోదు చేసిన కంపెనీలో దుకాణానికి లెక్కే లేదు! విచారించగా, ఆరేళ్ళ కిందట వెబ్‌సైటు తయారుచేసి పెట్టిన కుర్రవాడు పేరును తన సొంత లెక్కలో నమోదు చేసుకున్నాడని తేలింది. అతను ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తున్నాడు. మంచివాడు గనక ఫోను చేయగానే పేరును మా తమ్ముడి లెక్కలోకి మార్చి ఇచ్చాడు. అతను దొరకకపోతే? ఆరేళ్ళుగా అందరికీ తెలిసిన పేరు చేతిలో లేకుండా పోయేది.

ఇంకొక తమాషా చూడండి. కొత్త లెక్కకు తాళం మాట, అంటే పాస్‌వర్డు, మరిచిపోతే కొత్తది ఏ ఈమెయిలుకు పంపాలని కంపెనీ అడిగింది. మా తమ్ముడు దుకాణం ఈమెయిలే రాయబోయాడు. "నాన్నా, అది పెట్టె తాళంచెవిని ఆ పెట్టెలోనే పెట్టి మూసినట్టు గదా!" అన్నది పిల్ల. నిజమే. ఇల్లు మారేటప్పుడు ఆ ఈమెయిలే పనిచేయకపోతే తాళంచెవి ఎవరికి అందుతుంది? అప్పుడు వేరే ఈమెయిలు రాశాడు.

తరువాత పని చకచకా సాగింది. పాత ఇంట్లో ఉన్న బొమ్మల ఫొటోలకూ, ధరల పట్టికలకూ, ఆర్డర్ల ఖాతాకూ నకలు తీసి కొత్త ఇంట్లో పెట్టాడు. పాత ఉత్తరాలకు కూడా నకలు తీశాడు. "ఉత్తరాలు వాటంతట అవే వెంట రావా?" అంటారేమో. రావు. పాత సర్వరులో ఉన్నవి, నకలు తీసుకోకపోతే దానితోనే పోతాయి. కొత్త ఇంట్లో దుకాణం వాళ్ళందరికీ ముందుగానే ఉత్తరాల పెట్టెలు పెట్టాడు. పెట్టె లేకుండా ఉత్తరం వస్తే, "ఇక్కడ అటువంటివారు లేరు" అని తిరిగి పోతుంది మరి!

లోకానికి చెప్పకముందే కొత్త ఇల్లు ఎలా ఉందో చూడటానికి ఒక చిట్కా ఉంది. ఆ పాతకాలపు చిట్టా చెప్పాను గదా? దాని తాలూకు చిన్న కాగితం ఈనాటికీ ప్రతి కంప్యూటరులోనూ ఉన్నది! హోస్ట్స్ అని దాని పేరు. అందులో దుకాణం పేరు పక్కన కొత్త నెంబరు రాస్తే, ఆ ఒక్క కంప్యూటరు మాత్రం కొత్త ఇంటికి వెళుతుంది. తక్కిన లోకమంతా పాత ఇంటికే వెళుతూ ఉంటుంది. మా తమ్ముడు అలా చూసుకుని, తప్పులు సరిదిద్ది, ఆ పంక్తి కొట్టేశాడు.

ఇక పుట మార్చటమే తరువాయి. ఐతే ఒక్క సంగతి. ఒకసారి నెంబరు తెలుసుకున్నవాళ్ళు ప్రతిసారీ వచ్చి అడగరు. కొంతసేపు నకలు దగ్గర పెట్టుకుంటారు. ఎంతసేపు పెట్టుకోవచ్చో పుటలోనే సెకన్లలో రాసి ఉంటుంది. దుకాణం పుటలో 86400 అని ఉంది. 60ని 60తో హెచ్చవేసి, దాన్ని 24తో హెచ్చవేయండి. సరిగ్గా ఒక రోజు! అంటే పుట మార్చాక కూడా కొందరు ఒక రోజుపాటు పాత ఇంటికే వెళతారన్నమాట. అందుకని మా తమ్ముడు జనవరి 2నే ఆ అంకెను 300 చేశాడు. ఇప్పుడు నకలు అయిదు నిమిషాలే. పాత నకళ్ళన్నీ చెల్లిపోయేదాకా ఆగి, 4వ తేదీ రాత్రి నెంబరూ, ఉత్తరాల పంక్తీ మార్చాడు. తెల్లవారేసరికి వెబ్‌సైటు కొత్త ఇంట్లో నడుస్తున్నది. ఈమెయిళ్ళు కొత్త పెట్టెలో పడుతున్నాయి. మిఠాయి తెప్పించి అందరికీ పెట్టాడు.

"ఇక ఆ పాతదాని వంక చూడనక్కర్లేదు. నెలాఖరుకు గడువు తీరి అదే పోతుంది," అన్నాడు.

పిల్ల ఒప్పుకోలేదు. "పోయినేడు మనం ఇల్లు మారినప్పుడు, తాతయ్య పింఛను కాగితం నెల తరువాత పాత ఇంటికి రాలేదూ? నేనే గదా వెళ్ళి తెచ్చాను! రోజూ సాయంత్రం పాత పెట్టె కూడా చూస్తాను," అన్నది. పాత కంపెనీ సొంత చిరునామా మీదుగా ఆ పెట్టెను తెరవవచ్చు. ఒక నోటుపుస్తకంలో తేదీలు వేసి రాసుకోసాగింది. 5న రెండు ఉత్తరాలు. 6న ఒకటి. 7న లేదు. 8న లేదు. "చాలు, ఇక మానెయ్యమ్మా," అన్నాడు తండ్రి. 9వ తేదీ సాయంత్రం మళ్ళీ తెరిచి, కేకవేసింది.

విజయనగరంలో ఒక చిన్న బడివారు రాశారు. జనవరి 26న ఆటలలో గెలిచిన పిల్లలకు బహుమతిగా 120 లక్క బొంగరాలు కావాలట. 12వ తేదీలోగా జవాబు రాకపోతే పెన్నులు కొంటామని రాశారు. ఏటికొప్పాకలో మా తమ్ముడికి బొంగరాలు చేసి ఇచ్చే కుటుంబం ఒకటి ఉంది. సంక్రాంతి దాటితే వాళ్ళకు పని పలచబడుతుంది. ఈ ఆర్డరు వాళ్ళకు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మార్చి అయిదు రోజులైంది. నకళ్ళ గడువు అయిదు నిమిషాలే. మరి ఈ ఉత్తరం పాత పెట్టెలో ఎలా పడింది? మా తమ్ముడు తల పట్టుకున్నాడు. మీరూ కాస్త ఆలోచించి తరువాత చదవండి.

కిటుకు ఇది. ఆ బడివారి ఈమెయిలు కూడా ఆ పాత కంపెనీ దగ్గరే, అదే సర్వరులో ఉంది! ఒకే వీధిలో రెండిళ్ళున్నాయనుకోండి. ఈ ఇంటి నుంచి ఎదురింటికి ఉత్తరం ఇవ్వటానికి ఎవరన్నా పోస్టాఫీసుకు వెళతారా? వీధి దాటి పెట్టెలో వేసి వస్తారు. పాత సర్వరూ అంతే చేసింది. "ఈ దుకాణం మన ఇంట్లోదే గదా," అనుకుని, చిట్టా చూడకుండానే ఉత్తరాన్ని పాత పెట్టెలో పడేసింది. దుకాణం వారు ఇల్లు మారారని దానికి ఎవరూ చెప్పలేదు మరి!

ఇందులో అపాయం ఏమిటంటే, ఉత్తరం తిరిగి వెళ్ళలేదు. సర్వరు పలకకపోతే, పంపే సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, అప్పటికీ అందకపోతే పంపినవారికి తెలియజేస్తాయి. ఇక్కడ అలా కాదు. ఉత్తరం అందిందనే బడివారు అనుకుంటున్నారు. ఉత్తరమే రాలేదని దుకాణం వాళ్ళు అనుకుంటున్నారు. నెలాఖరుకు పెట్టెతోపాటు ఉత్తరమూ మాసిపోయేది.

మా తమ్ముడు వెంటనే జవాబు రాశాడు. మనసాగక ఫోను కూడా చేశాడు. చేయటమే మంచిదైంది! జవాబు బడివారి చెత్తబుట్టలో పడి ఉంది. ఎందుకో చెప్పగలరా? మరిచిపోవద్దన్న మూడో పంక్తి, ఉత్తరాలు పంపే హక్కు ఎవరికున్నదో చెప్పే పంక్తి, ఇంకా పాత సర్వరు పేరే చెబుతున్నది. కొత్త సర్వరు నుంచి వెళ్ళిన జవాబును చూసి, ఇది ఎవరో దొంగ రాసిన ఉత్తరమని బడివారి పెట్టె అనుమానించింది. ఆ పంక్తి సరిదిద్దాడు. "ఈ పేరుకు వచ్చే ఉత్తరాలు ఇక ఇక్కడివి కావు, చిట్టా చూసి బయటికి పంపండి" అని పాత కంపెనీ చేత వాళ్ళ సర్వరుకు చెప్పించాడు. ఆ తరువాత బడివారి ఉత్తరాలు కొత్త పెట్టెలోనే పడ్డాయి. ఐనా పిల్ల మాత్రం నెలాఖరుదాకా పాత పెట్టె చూడటం మానలేదు.

బొంగరాలు 24వ తేదీకి విజయనగరం చేరాయి. బడిలో గిర్రున తిరుగుతున్న బొంగరాల ఫొటో ఒకటి బడివారు పంపారు. అది ఇప్పుడు దుకాణం గోడమీద ఉంది.

పెద్దలకు ఒక మాట: మీకు దుకాణమో, వైద్యశాలో, అచ్చాఫీసో ఉండి, దానికి వెబ్‌సైటు ఉంటే, ఈ ఆదివారం కూర్చుని మూడు సంగతులు ఒక కాగితం మీద రాసిపెట్టండి. పేరు ఏ కంపెనీలో, ఎవరి లెక్కలో నమోదై ఉంది? గడువు ఏనాటికి తీరుతుంది? ఇల్లూ, ఉత్తరాల పెట్టే ఎక్కడెక్కడ ఉన్నాయి? మారవలసి వస్తే పుటలోని పంక్తులన్నిటికీ ముందు నకలు రాసుకోండి. వ్యాపారం తక్కువగా ఉండే రోజులు చూసుకోండి. మా తమ్ముడిలాగా సంక్రాంతి ముందు పెట్టుకోకండి! రెండిళ్ళ అద్దె ఒక నెల కట్టవలసి వచ్చినా సరే, పాత పెట్టెను రోజూ చూస్తూ ఉండండి.

పిల్లలూ, మీకొక పని. ఇంట్లోనో, బడిలోనో పెద్దవాళ్ళను అడిగి, కంప్యూటరులో ఆజ్ఞలు కొట్టే నల్లని కిటికీ తెరిపించుకోండి. అందులో ఎన్ఎస్‌లుకప్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, కాస్త ఖాళీ వదిలి, మీకు తెలిసిన వెబ్‌సైటు పేరు కొట్టండి. ఆ పేరు వెనక దాగి ఉన్న నెంబరు బయటపడుతుంది. పొడుగు నెంబరు వస్తే అది కొత్తరకం నెంబరన్నమాట. నాలుగైదు పేర్లకు చూసి పట్టిక వేయండి. ఒకే పేరుకు రెండు మూడు నెంబర్లు కనపడితే, ఎందుకై ఉంటుందో ఆలోచించి ఒక కార్డు రాయండి. ఆ సంగతి వచ్చే నెల చెప్పుకుందాం.